ఒట్మార్ కట్టిన మూల

ఉల్లెన్‌తాల్ ఊళ్లో తాతలు కొండమీది కోట రాళ్లు పీక్కొచ్చి గొడ్లపాకలు కట్టుకున్నారు. మనవల కాలానికి పాకల్లో ఆవులు పోయి కార్లు వచ్చాయి. అప్పుడు పుట్టింది ఊరికి కోట మీద ప్రేమ. సంఘం పెట్టుకుని, పాత పాకలు కూల్చి, అవే రాళ్లను మళ్లీ కొండెక్కించారు. ఆ చాకిరీ ఎవరి నెత్తిన పడిందయ్యా అంటే, తాపీమేస్త్రీ ఒట్మార్ నెత్తిన.

ముప్పై ఏళ్లుగా శనివారం వచ్చిందంటే ఒట్మార్ కోటలోనే ఉంటాడు. తక్కినవాళ్లు నీడన కూర్చుని బీరు తాగుతూ సలహాలిస్తారు. పాత గోడకీ కొత్త అతుకుకీ నడుమ సన్నటి పెంకుముక్కల వరస పెట్టడం అక్కడి మేస్త్రీల పద్ధతి. ఏది పాతదో, ఏది కొత్తదో తర్వాతివాళ్లకు తెలియాలని. ఒట్మార్‌కు అది చూస్తే ఒళ్లు మంట. తను ఏనాడూ ఆ వరస పెట్టలేదు.

“మాసిక వేస్తే కనపడకుండా వెయ్యాలి గానీ, ఇదిగో ఇక్కడ చిరిగిందని ఎర్రదారంతో చూపిస్తామా?” అనేవాడు.

“మరి నువ్వు కట్టింది ఏదో ఎవరికి తెలుస్తుందయ్యా?” అని భార్య వాల్‌బుర్గా అడిగేది.

“నాకు తెలుసుగా!”

కోటలో అతనికి రెండు చోట్లంటే ప్రాణం. ఒకటి, కిటికీ మీది రాతి వంపు. అది తను కట్టిందని కూతురి పెళ్లి ఫోటో దాని కిందే తీయించాడు. రెండోది, ఉత్తరపు మూల. దాన్ని చేత్తో తట్టి, “ఇది కట్టిన పాతకాలపు మేస్త్రీ కాళ్లు కడిగి నెత్తిన చల్లుకోవాలి. నావల్ల కాదు ఈ పని” అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు.

ఈ వసంతంలో గోడ బీటలిచ్చింది. పురాతన కట్టడాల ఆఫీసు నుంచి డాక్టర్ హెన్రీకె వచ్చి చూసింది. సంఘం పెట్టిన కొత్తలో అందరూ సిమెంటే వాడారు. అది నీళ్లను పట్టేసుకుంటోంది, చలికి ఆ నీళ్లు గడ్డకట్టి పాత గోడను పగలగొడుతున్నాయి. సిమెంటు కట్టుబడంతా తీసేయాలి, పాతదాన్ని ముట్టుకోకూడదు.

“మీవి ఏవో గీతగీసి చూపించండి ఒట్మార్ గారూ” అంటూ సుద్దముక్క చేతిలో పెట్టింది.

ఒట్మార్ గోడ ముందు నిలబడ్డాడు. ఈ రాయి నేను పెట్టిందేనా? పెట్టినట్టే ఉంది. పక్కది? అదీ అలాగే ఉంది. గీశాడు, చెరిపాడు, మళ్లీ గీశాడు. కిటికీ వంపు దగ్గర మాత్రం సందేహం లేదు. గీయకుండా తప్పుకుందామనుకున్నాడు గానీ, అబద్ధం ఆడలేక చుట్టూ గీత గీశాడు.

డాక్టరమ్మ ఎందుకైనా మంచిదని సందుల్లోని గచ్చు గీకి పరీక్షకు పంపింది. ఫలితం వచ్చాక మళ్లీ కొండెక్కింది.

“వంపు పాతదేనండీ, లోపలంతా సున్నమే. మీరు కడిగి, పైపైన పూత వేసి ఉంటారు. దాని జోలికి పోం.”

“పాతదా? మరి నేను కట్టిందేది డాక్టరమ్మా?”

“ఆ ఉత్తరపు మూల. లోపలిదాకా సిమెంటే.”

ఒట్మార్ ఆ మూల దగ్గరికి పోయి సందులు తడిమి చూశాడు. ఎప్పుడు కట్టాడు? ఏ శనివారం? ఎంత తవ్వినా జ్ఞాపకం రాలేదు. ఇంటికొచ్చి, పప్పూ సాసేజ్‌ పళ్లెం ముందు పెట్టుకుని ముద్ద ముట్టలేదు.

“ఇన్నేళ్లూ నన్ను నేనే పొగుడుకున్నానా వాల్‌బుర్గా? ఇప్పుడు నవ్వాలా, ఏడవాలా?”

“ముందు తిను. ఏదైనా తిన్నాకే.”

కూలివాళ్లను పంపిస్తామంటే అతను ఒప్పుకోలేదు. మరుసటి శనివారం సుత్తీ ఉలీ తీసుకుని తనే ఎక్కాడు. మొదటి రాయి కదల్లేదు. మళ్లీ కొట్టాడు. మూడోసారికి ఉలి జారి వేలు చితికింది.

“ఏ దరిద్రుడు కట్టాడ్రా దీన్ని ఇంత గట్టిగా!” అని అరిచాడు.

“నువ్వేనయ్యా!” అంది వెంట వచ్చి గోడ కింద నిలబడ్డ వాల్‌బుర్గా.

ఒట్మార్ సుత్తి కింద పెట్టి, ఆ రాయిని చేత్తో తట్టాడు. తర్వాత మళ్లీ ఉలి అందుకున్నాడు.