కలెక్టరుకు కారం

లీదియా గురించి చెప్పాలంటే ముందు దాని నోటి గురించి చెప్పాలి. ఏ పుస్తకమైనా సగం చదివి, మిగతా సగం తనే కల్పించి చెప్పేది. కల్పించిన సగమే బాగుండేది. నూజివీడులో మా మిషను బోర్డింగులో దాని పక్క మంచం నాది కనుక, వినక తప్పని ఖర్మా, వినే భాగ్యమూ రెండూ నావే.

వాళ్ల నాన్న రాయప్ప ముసునూరు దగ్గర ఒక మామిడితోటకు కాపలా. లీదియా ఎనిమిదో తరగతి పాసైతే టీచరు ట్రైనింగుకు వెళ్తుంది. లేకపోతే వాళ్లమ్మతోపాటు కాయల తట్ట నెత్తికెత్తుకుంటుంది. మూడో దారి లేదు. 1949లో, పరీక్షలు ముంచుకొస్తున్న ఏప్రిల్లో, మాకు కొత్త మేట్రను వచ్చింది.

పేరు మగ్దలేనమ్మ, చిత్తూరు వైపు మనిషి. వచ్చిన రోజే మా పెట్టెలు తిరగేసి డిటెక్టివు నవలలన్నీ పట్టుకుపోయింది. ఇవి చదివితే ఆడపిల్లలు చెడిపోతారని ప్రార్థనలో అరగంట చెప్పింది. తరవాత గది తలుపు వేసుకుని వాటన్నిటినీ వరసగా చదివింది. ఆ పుస్తకాల పుణ్యమా అని ఆవిడకు అనుమానం జబ్బు పట్టుకుంది. పప్పులో ఉప్పు ఎక్కువైతే వంటామె ఆరోగ్యమ్మను పిలిచి, "నిన్న సాయంత్రం ఎవరెవరితో మాట్లాడినావు?" అని అడిగేది.

వాటిలో ఒక నవలకు మాత్రం చివరి పేజీలు లేవు. జమీందారును ఎవరు చంపారో తెలిసే చోటికి పుస్తకం అయిపోతుంది. హనుమాన్ జంక్షన్‌లో ఒక దుకాణంవాడు దాన్ని వెనక నుంచి చింపి పల్లీల పొట్లాలు కడుతుంటే, మిగిలింది రాయప్ప అడిగి తెచ్చి కూతురికిచ్చాడు. మేట్రను మాత్రం ఆ పేజీలు లీదియాయే చింపి దాచిందని నమ్మింది. అడగడానికి పరువు అడ్డం.

ఒకరోజు వంటింటి వెనక లీదియా, నేనూ మాట్లాడుకుంటున్నాం.

"కలెక్టరు పని శనివారం కానిచ్చేద్దామే. కత్తి నేను తెస్తా, కారం నీ దగ్గరుందిగా?" అంది లీదియా.

"పొట్లం కట్టి పెట్టా."

"ముందు తల తీసేసి కాసేపు బోర్లించాలి. అప్పుడుగాని కారేదంతా కారదు."

మా వైపు కలెక్టరంటే ముక్కు వంకరగా, పొడుగ్గా ఉండే మామిడికాయ. పచ్చిగానే కోసి ఉప్పూ కారం అద్దుకు తింటాం. కోసే ముందు తొడిమ తీసి సొన కారనివ్వకపోతే నోరు పుండవుతుంది. చిత్తూరు వైపు అదే కాయను బెంగుళూరు కాయ అంటారు. కిటికీ అవతల నిలబడి విన్న మేట్రనుకు తెలిసిన కలెక్టరు ఒక్కడే. ఆయన ఆ శనివారమే నూజివీడు వస్తున్నాడు.

అవి జిల్లాలో కమ్యూనిస్టుల కోసం పోలీసులు ధాన్యం గాదెలు కూడా వెతుకుతున్న రోజులు. ఆడవాళ్లు పోలీసుల కళ్లలో కారం కొట్టారని ఊళ్లలో చెప్పుకునేవాళ్లు. కత్తి, కారం, కలెక్టరు, తల. మగ్దలేనమ్మ జన్మలో ఇంతకన్నా మంచి కేసు దొరకదు. కుట్రకు నాయకురాలని లీదియాను ప్రార్థన గదిలో పెట్టి తాళం వేసింది. పోలీసులకూ రాయప్పకూ కబురు పంపింది.

హెడ్డు కానిస్టేబులు వీరయ్య, వెంట ఇద్దరు జవాన్లు వచ్చారు. వీరయ్యది విస్సన్నపేట, మా వైపే. కత్తి చూశాడు, కారం పొట్లం చూశాడు, లీదియాను బయటికి పిలిపించాడు.

"కలెక్టరు ఏడమ్మా?"

లీదియా తన పెట్టె తెరిచి కాయ తీసి ఇచ్చింది. ఆదివారం వాళ్ల నాన్న తెచ్చిపెట్టినదది. వీరయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి, మేట్రను వైపు చూశాడు.

"ఈయనకేనాండీ ప్రాణాపాయం?"

తరవాత పోలీసులు వరండాలో కూర్చుని సాక్ష్యాన్ని కోసుకుని, మా కారమే అద్దుకుని తలో ముక్కా తిన్నారు. ఉప్పు కాస్త తగ్గిందని వీరయ్య చెప్పి వెళ్లాడు. అసలు కలెక్టరు ఆ శనివారం రానే లేదు, జీపు పాడైందట.

అంతటితో అయిపోతుందనుకున్నాం. కానీ పెద్దవాళ్లు నవ్వులపాలైతే శిక్ష పిల్లలకే పడుతుంది. బోర్డింగు పరువు తీసిన పిల్ల ఇక్కడ ఉండకూడదని మేట్రను లీదియా పెట్టె వరండాలో పెట్టించింది. పరీక్షలకు ఇంకా పది రోజులున్నాయి. రాయప్ప తలగుడ్డ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"మా పిల్ల ఏం తప్పు చేసిందండీ?"

"క్రమశిక్షణ," అంది మేట్రను. అది తప్పు పేరో శిక్ష పేరో ఆయనకు అర్థం కాలేదు. కూతురికి తట్టే రాసిపెట్టి ఉందనుకున్నాడో ఏమో, వంగి పెట్టె ఎత్తుకున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. ఆవిణ్ణి కొట్టాలన్నంత కోపం కూడా వచ్చింది.

అప్పుడు మేట్రను గొంతు తగ్గించింది. "పోయేది పోతావు, ఆ చివరి పేజీలు ఇచ్చిపో."

లీదియా కూడా గొంతు తగ్గించింది. "పేజీలు లేవండీ. కథ మాత్రం తెలుసు. కాకపోతే అది నిలబడి చెప్పేది కాదండీ. రోజూ కాస్త చెప్పినా పరీక్షలయ్యేదాకా పడుద్ది."

మేట్రను పెట్టె వంక చూసింది, పిల్ల వంక చూసింది.

"పెట్టె లోపల పెట్టండి," అంది రాయప్పతో.

రోజూ ప్రార్థన కాగానే లీదియా కథ చెప్పేది. చచ్చిన జమీందారుకు ఇద్దరు తమ్ముళ్లను పుట్టించింది, ఒక వజ్రాన్ని మాయం చేసింది. ఏదీ పుస్తకంలో లేదు. మధ్యలో చదువుకునేది. ఆఖరి పరీక్ష రాసి వచ్చిన సాయంత్రం మేట్రను ఇక ఆగలేకపోయింది.

"ఇంతకీ చంపింది ఎవరే?"

"కేసు పెట్టినావిడేనండీ. అందరికన్నా ముందు కేకలేసి పోలీసుల్ని పిలిపించింది చూడండి, ఆవిడే."

మేమంతా మేట్రను మొహం వంక చూశాం. మగ్దలేనమ్మ చాలాసేపు తల పంకించింది.

"నాకు మొదట్నుంచీ ఆమె మిందే అనుమానం," అంది. "అట్లాంటి ఆడోళ్లను నేను చూస్తానే కనిపెట్టేస్తా."