భాగ్యవ్వ పెట్టని సంతకం

క్లయింటుతో మాట్లాడే మీటింగుల్లో శైలజ మైకు మూసే ఉండాలి. కంపెనీ రాసిపెట్టిన నియమమేం కాదది. ఉద్యోగంలో చేరిన కొత్తలో టీం లీడ్ గజేందర్ నవ్వుతూ అన్న మాట. "మీ ఇంటెనక కోళ్ళ సప్పుడు ఇనొస్తది శైలజా. నువ్వు జర మ్యూట్‌ల ఉండు. చాట్‌ల రాయి, నేను చెప్త." ఆర్మూరు పక్కన పెర్కిట్‌లోని ఆ ఇంటి వెనక కోళ్ళు లేవు. పక్కింట్లో పసుపు పాలిష్ డ్రమ్ము తిరుగుతుంది, అదీ ఎండాకాలం మొదట్లోనే. అయినా ఆమె సరేనంది. అప్పటి నుంచి ఇక్కడ ఆమె టైపు చేసిన జవాబు హైదరాబాదులో అతని నోట్లోంచి వస్తోంది. క్లయింటు "వెరీ గుడ్ గజేందర్" అంటాడు. ఎవరూ చూడకపోయినా శైలజ తెర ముందు తలూపుతుంది.

దీనికి అణకువ అని పేరు పెట్టకండి. ఇది భయం. ఇంట్లో కూర్చుని చేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఆర్మూరు కోడలికి దొరకడమే అదృష్టమని చుట్టూ ఉన్నవాళ్ళు పూటపూటకీ గుర్తు చేస్తుంటే ఎవరికైనా పుట్టే భయం.

కంప్యూటర్లో పెట్టిన సంతకాన్ని సరిచూడటం ఆమె రాసే కోడు పని. అలాంటి ప్రతి సంతకం వెంట ఒక సర్టిఫికెట్ ఉంటుంది. ఎవరికిచ్చారు, ఎవరిచ్చారు, ఎప్పటిదాకా చెల్లుతుంది అన్న వివరాలతో పాటు దాన్లో చుక్కలు పెట్టి విడదీసిన అంకెల వరుస ఒకటుంటుంది. ఏ నియమం కింద ఆ సర్టిఫికెట్ ఇచ్చారో చెప్పేది అదే. దాన్ని పాలసీ అంటారు. మనిషి మొహం చూసి, మాట విని ఆ మనిషికే ఇచ్చిందైతే ఒక వరుస. ఆఫీసు కంప్యూటరు గుట్టలకొద్దీ బిల్లుల మీద ముద్ర కొట్టుకోవడానికి ఇచ్చిందైతే మరో వరుస. రెండూ అసలువే. కాని మొదటిది మనిషి సంతకం, రెండోది ఆఫీసు ముద్ర.

పసుపు కొనేవాడు పైమెరుపు చూసి ఊరుకోడు. కొమ్ము విరిచి లోపలి రంగు చూస్తాడు. శైలజ కోడు కూడా సర్టిఫికెట్‌ను అలా విరిచి చూసేది. లోపల తనకు తెలియని వరుస కనబడితే మాత్రం కిక్కురుమనకుండా ఆకుపచ్చ టిక్కు చూపించేది. ఇది సబబేనా అని ఆమె అడగకపోలేదు. "సంతకం చెదరలేదు, తారీఖు దాటలేదు. ఇగ పాలసీతోని మనకేం పని? ఎర్రగ చూపిస్తే క్లయింట్ లొల్లి పెడ్తడు" అన్నాడు గజేందర్. చెప్పినట్టే రాసింది.

పసుపు తవ్వకాలు జోరుగా సాగుతున్న ఒక మధ్యాహ్నం, అత్త భాగ్యవ్వ చేను నుంచి మట్టి చేతులతోనే వచ్చి ఫోను కోడలి ముందు పెట్టింది.

"శైలూ, నేను ఏం సంతకం పెట్టిన్నో జర చూడు బిడ్డా."

భాగ్యవ్వ ఊరి మహిళా పసుపు కంపెనీకి అధ్యక్షురాలు. ఆడవాళ్ళంతా కలిసి పెట్టుకున్న ఆ కంపెనీకి పెర్కిట్ చివర ఒక షెడ్డు, అందులో పసుపు ఉడకబెట్టే బాయిలరు ఉన్నాయి. తవ్విన పసుపు ఎక్కువ రోజులు కుప్పగా ఉంటే చెడిపోతుంది కాబట్టి వంతులు వేసుకుని ఉడకబెట్టుకుంటారు. ఫోనుకు వచ్చిన కాగితం ప్రకారం ఆ బాయిలరూ షెడ్డూ ఒక వ్యాపారికి కౌలుకు వెళ్ళిపోయాయి. కింద భాగ్యవ్వ పేరు, పక్కన ఆకుపచ్చ టిక్కు. పంపింది రఘునందన్. కంపెనీ లెక్కలూ కాగితాలూ చూసే ఆర్మూరు ఆడిటరాఫీసు అతనిదే.

"నేనైతే పెట్టలే" అంది భాగ్యవ్వ. ఫోను వైపు మళ్ళీ చూసి, "పెట్టలేదనే అనుకుంటున్న" అంది.

"ఓటీపీ ఏమన్న చెప్పినవా అత్తమ్మా?"

"ఎన్ని చెప్పలే! గ్యాసుకు చెప్పిన, బ్యాంకోళ్ళకు చెప్పిన. అండ్ల ఒకటి గిదేనేమో."

వెంట వచ్చిన పోచవ్వ కూడా కంపెనీ సభ్యురాలే. ఆమె పసుపు అప్పటికే తవ్వి కుప్ప పోసి ఉంది. "బాయిలర్ ఇచ్చింది సుత యాదికుండదా అక్కా? రేపు ఇల్లు రాసిచ్చినా గిట్లనే అంటవా?"

"నువ్వు ఊకోయే పోచవ్వా. నాకే తలకాయ తిరుగుతున్నది." భాగ్యవ్వ కోడలి వైపు తిరిగింది. "గా టిక్కు ఉన్నదంటే పెట్టినట్టే గదా బిడ్డా? మిషిని అబద్ధం ఎందుకు చెప్తది?"

శైలజ పేజీ అడుగుకు జరిపింది. సంతకం సరిచూసింది తమ కంపెనీ సాఫ్ట్‌వేరే. ఆ టిక్కు ఆమెకు బాగా తెలుసు. దాని రంగు ఎంచింది కూడా తనే. ఆ టిక్కును చూసి ఒక మనిషి తన జ్ఞాపకాన్నే అనుమానించడం ఆమె ఎన్నడూ ఊహించలేదు.

ల్యాప్‌టాప్‌లో సర్టిఫికెట్ విప్పి చూసింది. అంకెల వరుస మనిషిది కాదు, ఆఫీసు ముద్రది; ఆమె కోడుకు నేర్పని వరుస. ఇచ్చింది రఘునందన్ ఆఫీసుకు. భాగ్యవ్వ పేరు ఎవరో పక్కన టైపు చేసిన అక్షరాలంతే.

"నువ్వు పెట్టలేదు అత్తమ్మా!" అని అరిచినంత పని చేసింది. ఆ సంబరం ఎంతోసేపు లేదు. అనుమానం వచ్చి, అత్త ఫోనులో ఉన్న పసుపు కంపెనీ పాత కాగితాలు తెరిచింది. మీటింగు తీర్మానాలు, ఏటేటా పంపే లెక్కలు, చివరికి బాయిలరు మంజూరు కోసం సర్కారుకు పెట్టిన దరఖాస్తు. అన్నిటి మీదా అదే ముద్ర. ఇప్పుడిది దొంగ సంతకమా, లేక అన్నీ దొంగవేనా? ఆమెకు అంతుపట్టలేదు.

భాగ్యవ్వ రఘునందన్‌కు ఫోను కలిపి స్పీకర్ పెట్టింది.

"అవ్వా, మొన్న మీటింగ్‌ల కౌలు మాట వచ్చింది గదా!" అన్నాడతను.

"వచ్చింది సారూ. మేం ఒప్పుకోలే గదా."

"ఒప్పుకోం అని సుత ఎవ్వలు అనలే. అందరు సప్పుడు చెయ్యకుంట చాయ్ తాగిన్రు. సరే అన్నట్టే అనుకున్న."

"మరి సంతకం?"

"ఒక్కొక్క అవ్వను వీడియో ముంగట కూసోబెట్టి సంతకం తీసుడు ఎవనితోని అయితది? ఆఫీస్‌ది ఒకటి ఉంది, అన్నిటికి గదే కొడ్తున్నం. ఇన్నేండ్ల సంది ఎవ్వలన్న అడిగిండ్రా? కంప్యూటర్ సుత ఒప్పుకుంటున్నది!"

కాదనని వాళ్ళంతా అవునన్నట్టేనని అతను రాసుకున్నాడు. అర్థంకాని వరుసలన్నీ సరైనవేనని శైలజ కోడు రాసుకుంది. అతన్ని తిట్టబోయినదల్లా ఆమె తన ఫోను అందుకుంది.

గజేందర్‌కు ఫోను చేసింది. అత్త కాగితం సంగతి వివరించి, తెలియని పాలసీ వస్తే ఇక టిక్కు వేయొద్దని, ఆఫీసు ముద్రను మనిషి సంతకంగా చూపొద్దని చెప్పింది.

"పాత కాగితాలన్ని ఎర్రగైతయి, తెలుసు గదా?"

"తెలుసు సార్."

"మీ అత్త కోసం కోడ్ మారుస్తవా శైలజా?"

ఆ మాట ముల్లులా దిగింది. అవునా? అత్త పేరు కాకుండా ఇంకెవరి పేరో ఉంటే తను ఈ కాగితం విప్పి చూసేదా? ఫోను పెట్టేసి భాగ్యవ్వకు విడమరిచింది.

"ఇది సరిచేస్తే మీ పాత కాగితాలు సుత చెల్లవని చూపిస్తది అత్తమ్మా. బాయిలర్‌ది సుత. ఎట్ల చెయ్యాల్నో నాకు తెలుస్తలే."

"అమ్మో, బాయిలర్ గుంజుకపోతే?" అంది పోచవ్వ.

"గిప్పుడు సుత గుంజుకపోతుండ్రు గదనే!" భాగ్యవ్వ చేతుల మట్టి దులుపుకుంది. "పాతయి మనం ఒప్పుకున్నయే. మల్ల కూసుందాం, ఎవ్వల సంతకం వాళ్ళం మల్ల పెడదాం. నేను పెట్టంది పెట్టిన్నని మాత్రం ఉండద్దు. ఎర్రగ పడనియ్ బిడ్డా."

శైలజ కోడు మార్చింది. తెలియని వరుస దగ్గర ఆగిపోయేట్టు, ముద్ర అయితే 'ఇది ఆఫీసు ముద్ర, వ్యక్తి సంతకం కాదు' అని తెలుగులో చూపేట్టు రాసి, గజేందర్ ఆమోదానికి పంపింది.

మర్నాడు వ్యాపారి మనిషి షెడ్డు తాళంచెవికి వచ్చేసరికి సభ్యులంతా గుమ్మంలోనే ఉన్నారు. శైలజ అంకెల వరుస గురించి చెప్పబోయింది. సగంలోనే తడబడింది, విన్నవాళ్ళు ఇంకా తికమకపడ్డారు. భాగ్యవ్వ ముందుకొచ్చింది.

"సంతకం నేను పెట్టలే. పెట్టమన్నా పెట్ట. పోయి మీ సేటుకు చెప్పు."

అతను వెళ్ళిపోయాడు. పోచవ్వ పసుపు బాయిలర్లోకి ఎక్కింది.

రఘునందన్ కాగితం వెనక్కి తీసుకుంటానన్నాడు, ఇంకా తీసుకోలేదు. గజేందర్ ఆమోదం ఇంకా ఇవ్వలేదు. ఆ ఆకుపచ్చ టిక్కు ఈరోజుకీ అక్కడే ఉంది. తన ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో శైలజకు తెలియదు.

చదువుతున్న మీలో ఏ సంఘానికో, సొసైటీకో, చిన్న కంపెనీకో పేరు ఇచ్చినవాళ్ళు ఉంటారు. ఈ వారమే మీ కాగితాలు చూసే ఆఫీసుకు వెళ్ళండి. మీ పేరున సంతకం దేనితో పెడుతున్నారో తెర మీద తెరిచి చూపించమనండి. మీ పేరున సర్టిఫికెట్ ఉంటే మీ చేతికి తెచ్చుకోండి, లేకపోతే మీ మొహం చూపించి మీరే కొత్తది తీసుకోండి. ఒప్పుకోని మాటను మీటింగులో నోరు తెరిచి ఒప్పుకోనని చెప్పి రాయించండి. ఇక కోడు రాసేవాళ్ళకు: మీ ప్రోగ్రాం పాలసీ వరుసను చదివి ఏం చేస్తోందో ఇవాళే తెరిచి చూడండి. అర్థం కానిదాన్ని అవునని దాటేస్తుంటే ఆపండి. పైవాళ్ళు వద్దంటే, ఆ వద్దన్నది ఎవరో పేరుతో సహా రాసిమ్మని అడగండి.