వెయ్యిసార్లు తలుచుకున్న పేరు

ఆ సాయంత్రం సన్మాన సభలో కిడ్నీ పరిశోధన విభాగం పెద్దాయన కేకు మీద కూర్చున్నారు. బల్ల నిండా పూలగుత్తులే ఉండటంతో ఎవరో కేకును ఆయన కుర్చీలో పెట్టారు. దాని మీద క్రీముతో వెయ్యి అని అంకెల్లో రాసి ఉంది. ఆయన లేచాక చూస్తే ఒకటి అంకె కేకు కింది అట్ట మీదే మిగిలింది, సున్నాలు ప్యాంటు వెంట వెళ్ళిపోయాయి. ముందు వరసలో ఉన్న ఐసుపెట్టె మేడమ్ రుమాలు తీసి ఎంతో వినయంగా అందించింది.

"నా శిష్యురాలు," అన్నారు పెద్దాయన తుడుచుకుంటూ. "నా పేపరును అందరికంటే ఎక్కువసార్లు పేర్కొన్నది ఈవిడే. అందుకే పిలిపించి ముందు కూర్చోబెట్టా."

అబద్ధమేం కాదు. ఒకరి పరిశోధన పత్రాన్ని మరొకరు తమ పత్రంలో పేర్కొంటే దాన్ని సైటేషన్ అంటారు. పెద్దాయన పాత పేపరుకు అవి వెయ్యి నిండినందుకే ఈ సభ.

ఆ పేపరు వెనక చాకిరీ అంతా మేడమ్‌దే. వార్డులన్నీ తిరిగి రోగుల రక్తం నమూనాలు తెచ్చేది. చంకలో ఐసుపెట్టె లేకుండా ఆవిడను ఎవరూ చూడలేదు గనక ఆ పేరు స్థిరపడింది. ఒక వేసవిలో ఫ్రీజరు చెడిపోయి సగం నమూనాలు కరిగిపోయాయి.

"వీటిని లెక్కలోకి తీసుకోవద్దు సార్. కరిగితే రీడింగు తప్పు చూపిస్తుంది," అంది.

"సగం పారేస్తే మన పేపరు ఎవడు వేసుకుంటాడమ్మా? మెకానిక్ బాగుచేశాడుగా, మళ్ళీ గడ్డకట్టించు!"

పేపరు అచ్చయింది. ఆవిడ పేరు ఉండాల్సిన చోట పెద్దాయన మేనల్లుడి పేరు ఉంది. ఆ మేనల్లుడు ల్యాబుకు వచ్చేదే టీ తాగడానికి. పెద్దాయనది పెద్ద మనసు. చివర కృతజ్ఞతల్లో, ఆగిపోయిన ఫ్రీజరును బాగుచేసిన మెకానిక్‌ను కూడా మరిచిపోలేదు. ఆవిడను మాత్రం మరిచిపోయారు.

ఇంట్లో అక్క ఇస్త్రీ చేస్తుంటే, మేడమ్ పక్కన నిలబడి ఆ చివరి పేజీనే మళ్ళీ మళ్ళీ చదివింది. కళ్ళు తుడుచుకుంది. ఉన్నట్టుండి నవ్వింది.

"ఏమైందే, మతిగాని పోయిందా?"

"ఫ్రీజరు చెడిందని వాళ్ళే అచ్చేయించుకున్నారక్కా!"

ఆవిడ మరో ల్యాబులో చేరింది. తాజా రక్తంతో ఒకసారి, కరిగించిన రక్తంతో ఒకసారి అదే పరీక్ష చేసి తేడా నిరూపించింది. కరిగిన నమూనాలతో ఎలా బోల్తా పడతామో తెలియాలంటే ఫలానా పేపరు, దాని కృతజ్ఞతలతో సహా, చూడండని రాసింది. తర్వాత ఏ పేపరు రాసినా ఆ ముక్క తప్పలేదు. కోపం కరిగిపోకుండా ఐసులో పెట్టి దాచుకోవడం ఆవిడకు తెలిసిన విద్యే.

"మళ్ళీ ఆ మహానుభావుడి పేరే రాశావా? పాముకు పాలు పోస్తున్నావే!" అని అక్క తిట్టేది.

"తాగనీ అక్కా. బాగా బలిస్తే కన్నంలో దూరలేదు."

ఆవిడను చూసి ఇతర ల్యాబులవాళ్ళూ జాగ్రత్తలు చెప్పేటప్పుడల్లా ఆ పేపరునే ఎత్తిచూపడం మొదలెట్టారు. పెద్దాయన రోజూ పొద్దున్నే లేచి అంకె చూసుకుని మురిసిపోయేవారు. ఎంతమంది తలుచుకుంటున్నారో చూశారు గానీ, ఎందుకు తలుచుకుంటున్నారో ఏనాడూ తెరిచి చూసిన పాపాన పోలేదు.

"ఇప్పుడు మామయ్య గురించి ప్రపంచం ఏమంటోందో విందాం," అని సభలో మేనల్లుడు తెర మీద ఒక పేపరు తెరిచి గొంతు సవరించుకున్నాడు. "కరిగిన నమూనాల వల్ల జరిగే పొరపాట్లకు... పేరుమోసిన ఉదాహరణ..." గతుక్కుమని ఇంకోటి తెరిచాడు. "ఇలాంటి తప్పు... మళ్ళీ ఎవరూ చేయకుండా..."

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు వరస వరసా దాటుకుంటూ ముందుకు వచ్చింది. ఐసుపెట్టె మేడమ్ మాత్రం నవ్వలేదు. అట్ట మీద మిగిలిన ఒకటిని చెంచాతో తీసి నిదానంగా తింది.

పెద్దాయన వరండాలో ఆవిడకు అడ్డం పడ్డారు. ప్యాంటుకు ఇంకా ఒక సున్నా అంటుకునే ఉంది.

"ఎంత కక్షమ్మా నీకు! నేను ఒక్కసారి నీ పేరు తీసేశానని, ఇన్నేళ్ళుగా ప్రతి పేపరులో నా పేరు ఎక్కిస్తావా?"

"ఏం చెయ్యను సార్, మీలా పేరు తీసెయ్యడం నాకు చేతకాదు!"