చిటికెన వేలి రంగు

మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు. పోయిన వారం పక్క ఊరి ఆరోగ్య కేంద్రంలో నర్సుగా చేరాను. ఆ సంగతి కనబడిన వాళ్లందరికీ చెప్పేశాను. ఈ ఉదయం పోలియో చుక్కలు వేయడానికి కూర్చుని మార్కర్ మూత తీస్తే, ఆ ఘాటు వాసన నన్ను మళ్లీ నాలుగేళ్ల పిల్లను చేసింది.

వేముల దగ్గర మాది గొర్రెలు కాసే ఇల్లు. బేరం కుదిరిన గొర్రె వీపు మీద రంగు పూసేవాళ్లు. సాయంత్రానికి అది మందలో ఉండేది కాదు.

ఒకరోజు సంచి వేసుకుని నర్సమ్మ వచ్చింది. అవ్వ వాకిట్లోనే అడ్డం నిలబడింది.

"దుడ్లడక్కుండా ఇల్లిల్లూ తిరిగి మందేస్తాండావే, నీకేం లాభమమ్మా?"

"నాకు జీతమిస్తారు లేవ్వా. బిడ్డను పట్టుకో."

చుక్కలు వేసి, నా చిటికెన వేలికి రంగు పూసి వెళ్లిపోయింది. నేను గడ్డివాము వెనక దూరి వేలిని మట్టికేసి రుద్దాను. రంగు పోలేదు.

"ఈడేం చేస్తాండావే?" అంటూ అవ్వ వచ్చింది.

"నన్ను ఆయమ్మకు అమ్మినారా అవ్వా?"

అవ్వ నవ్వలేదు. వేలిని కొంగుతో తుడిచి, పొద్దుగూకేదాకా నన్ను ఒళ్లో పెట్టుకుని దారి వైపే చూస్తూ కూర్చుంది. నాకంటే ఆమెకే ఎక్కువ అనుమానమని ఇప్పుడు తెలుస్తోంది.

ఈ ఉదయం ఒక పిల్ల చెయ్యి వెనక్కి దాచుకుంటే, ముందు నా వేలికే రంగు పెట్టుకుని చూపించాను. ఇంటికొచ్చాక అవ్వ ఆ వేలు పట్టుకుని చాలాసేపు చూసింది.

"ఆఖరుకు ఆయమ్మ నిన్ను తోలుకొనే పాయ గదే," అంది.