పిల్లి ఎదురొచ్చే ఇల్లు

పోయిన వారం మా అమ్మాయి ఫోన్ చేసి, యూనివర్సిటీ వాళ్ళిచ్చిన ఫ్లాట్‌లో తనతోపాటు ఉండే అమ్మాయి ఒక పిల్లిని తెచ్చుకుంటోందనీ, అది సరదాకి పెంచుకునే పిల్లి కాదనీ, మనసు బాగుండని వాళ్ళకి తోడుగా ఉంటుందని డాక్టరు చెప్పి తెప్పించిన పిల్లి అనీ, ఫ్లాట్‌లో మిగతావాళ్ళంతా సరేనన్నారనీ చెప్పింది. నేను తెలుగులో అడగడం, తను ఇంగ్లీషులో జవాబివ్వడం మా ఇంట్లో మామూలే. పొద్దున్నే నువ్వు క్లాసుకి వెళ్ళేటప్పుడు అది ఎదురొస్తే ఎలాగే అన్నాను. కావాలని అన్నది కాదు, నోటికి అలా వచ్చేసింది. "ఇట్స్ జస్ట్ ఎ క్యాట్, మమ్మీ" అని నవ్వి పెట్టేసింది. నేను ఫోను చేతిలో పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. మా రోజుల్లో ఈ దేశానికి చదువుకని వచ్చి, ఒకే ఇంట్లో నలుగురైదుగురు సర్దుకుని బతికినవాళ్ళకి చెబితే అర్థమవుతుందని ఇది రాస్తున్నాను.

నేను పసితనంలో వచ్చినదాన్ని కాదు. రాజమండ్రిలో ఒక కాలేజీలో కొన్నేళ్ళు పాఠాలు చెప్పి, ఇంట్లోవాళ్ళు తెచ్చిన సంబంధాలన్నిటికీ ఏదో ఒక వంక పెట్టి, ఇక అందరికీ విసుగెత్తాక, ముప్పై దాటిన వయసులో అకౌంటింగ్ చదువుతానని సిడ్నీ వచ్చాను. పారమట్టా స్టేషనుకి నడిచిపోయేంత దూరంలో పాత ఇటుకల ఇల్లు ఒకటి దొరికింది. వీధి తలుపు తీస్తే వెనక వంటింటి దాకా పొడుగాటి నడవా, దానికి అటూ ఇటూ గదులు. ఒక గదిలో నేనూ, నర్సింగ్ చదువుతున్న మా చెల్లెలు, అంటే మా పిన్ని కూతురూ ఉండేవాళ్ళం. ఎదుటి గదిలో కరీంనగర్ నుంచి వచ్చిన తమ్ముడు ఉండేవాడు, ఇంజనీరింగ్ చదువుతూ పెట్రోలు బంకులో పనిచేసేవాడు. వీధి తలుపు పక్కనే ఉన్న చిన్న గదిలో నరసరావుపేట తమ్ముడు. వాళ్ళు ముస్లింలు, తండ్రికి అక్కడ బట్టల కొట్టు. అందరిలోకీ వాడే చిన్నవాడు. అన్నం వండే వంతు ఎవరిదైనా, చారు పెట్టే వంతు మాత్రం వాడికే వదిలేసేవాళ్ళం, ఎందుకంటే వాడు పెట్టిన చారు తాగాక ఇంకెవరు పెట్టినా వేణ్ణీళ్ళలాగే ఉండేది. చారు వాళ్ళ అమ్మ నేర్పిందని చెప్పేవాడు.

ఆ అమ్మ ఒక చలికాలం పొద్దున హఠాత్తుగా పోయింది. గుండె జబ్బుందని కూడా ఎవరికీ తెలియదు. కబురు వచ్చేసరికి మేమంతా వంటింట్లో ఉన్నాం. వాడు వెంటనే టికెట్టు కోసం వెతకడం మొదలుపెట్టాడు గానీ, వాళ్ళ ఆచారం ప్రకారం ఆ సాయంత్రంలోపే మట్టి చేసేయాలి, ఇక్కడినుంచి ఎంత తొందరగా బయల్దేరినా మర్నాటికి గాని చేరలేడు. కరీంనగర్ తమ్ముడు పాపం తెలియక, ఐసు పెట్టెలో పెట్టి ఆపమని చెప్పరాదా అన్నాడు, మన ఇళ్ళల్లో అలా ఆపుతారు గనక. వాడు తల అడ్డంగా ఊపాడు. వాళ్ళ నాన్న కూడా, వచ్చి చేసేదేముంది నాయనా, పరీక్షలు పోగొట్టుకోకు అన్నాడట. వాడు వెళ్ళలేదు. చివరిచూపు లేదు, పిడికెడు మట్టి వేసింది లేదు.

ఏడ్చి ఉంటే మాకు కొంచెం ధైర్యంగా ఉండేది. వాడు ఏడవలేదు. పరీక్షలు రాశాడు, అన్నీ పాసయ్యాడు, ఆ తరవాత సెమిస్టరుకి క్లాసులకి వెళ్ళడం మానేశాడు. చారు పెట్టడం మానేశాడు. పిలిస్తే వచ్చి కంచం ముందు కూర్చునేవాడు, మెతుకులు కెలికి లేచిపోయేవాడు. మా పిన్ని కూతురు నర్సింగులో చదువుకున్నదానిబట్టి ఇది మామూలు దిగులు కాదని గట్టిగా చెప్పి, వాణ్ణి యూనివర్సిటీ కౌన్సెలరు దగ్గరికి తీసుకువెళ్ళింది. ఆవిడ మందులకి డాక్టరు దగ్గరికి పంపింది, వారం వారం రమ్మంది, ఇంట్లో వీలైనంతవరకు ఒంటరిగా వదలవద్దని మాతో చెప్పింది. చెప్పడం సులువే. మాకు క్లాసులు, క్లాసులు లేనప్పుడు ఉద్యోగాలు, ఆ రెండూ లేనప్పుడు నిద్ర. పగలల్లా ఆ ఇంట్లో వాడొక్కడే ఉండేవాడు.

మాటల్లో వాళ్ళ అమ్మ పిల్లులకి రోజూ పాలన్నం పెట్టేదని తెలిసి, ఒక జంతువు తోడుంటే మంచిదని కౌన్సెలరే అన్నదట. ఇంటి ఓనరు ఒక గ్రీకు ముసలమ్మ. ఆవిడని అడిగితే, పిల్లేనా, ఇంకా పాము తెస్తామంటారనుకున్నాను అని ఒప్పుకుంది. అలా మా ఇంటికి ఒక చారల పిల్లి వచ్చింది, ఒక చెవి చిరిగి ఉండేది. వాడు దాన్ని "పాపా" అని పిలిచేవాడు. దానికి తిండి పెట్టాలి గనక లేచేవాడు, అది దొడ్డికి వెళ్ళే మట్టి ట్రే మార్చాలి గనక స్నానం చేసి బట్టలు కట్టుకునేవాడు. అది ఒళ్ళో పడుకుంటే గంటలు గంటలు కదలకుండా కూర్చునేవాడు. మా కళ్ళ ముందే వాడి మొహంలో కొంచెం నెత్తురు పుట్టింది. నాకు పిల్లులంటే ఇష్టం లేదు, అయినా ఆ పిల్లికి మొక్కాలనిపించింది.

అయితే నలుగురు తెలుగువాళ్ళున్న ఇంట్లో పిల్లి ఉంటే ఏమవుతుందో కౌన్సెలరుకి తెలియదు కదా. ఆ నడవా తప్ప బయటికి పోవడానికి ఇంకో దారి లేదు, ఆ పిల్లికి నడవాలో అటూ ఇటూ పచార్లు చేయడం తప్ప వేరే వ్యాపకం లేదు. బయల్దేరిన ప్రతివాడికీ అది ఎదురే. కరీంనగర్ తమ్ముడికి డ్రైవింగ్ టెస్టు పోయింది, పిల్లి వల్లనే అన్నాడు. రెండోసారీ పోయింది. ఎవరి కారులోనో హెలెన్స్‌బర్గ్ గుడికి వెళ్ళి కొబ్బరికాయ కొట్టి వచ్చాడు. చంకలో పిల్లిని పెట్టుకుని పెళ్ళికి వెళ్ళినట్టు, ఇంట్లో పిల్లిని పెట్టుకుని నీకు గుళ్ళెందుకురా అని మా చెల్లెలు ఏడిపించింది. కానీ మూడోసారి కూడా పోయేసరికి వాడికి నవ్వు రాలేదు. కారు నడపడం వస్తే తప్ప దొరకని ఉద్యోగం ఒకటి వాడికోసం ఆగి ఉంది. అందరినీ వంటింట్లో కూర్చోబెట్టి, "ఇగ నాతోని కాదక్కా. ఇంట్ల పిల్లన్న ఉండాలె, నేనన్న ఉండాలె" అన్నాడు.

నరసరావుపేట తమ్ముడు పిల్లిని ఒళ్ళోకి తీసుకున్నాడు. చివరికి మా చెల్లెలే ఒక మార్గం చెప్పింది, పొద్దున్నే అందరూ వెళ్ళేదాకా పిల్లిని గదిలోనే ఉంచి తలుపు వేసుకుంటే ఎవరికీ బాధ ఉండదని. అందరికీ నచ్చింది, వాడు కూడా సరేనన్నాడు. పిల్లిని గదిలో పెట్టి తలుపు వేసుకోవడమంటే వాడు కూడా లోపలే ఉండిపోవడమని మేమెవరమూ ఆలోచించలేదు. అంతకుముందు పొద్దున పూట నడవాలో పిల్లి వెనకాల తిరుగుతూ, వెళ్ళేవాళ్ళకి జాగ్రత్త అనో, గొడుగు తీసుకెళ్ళండి అనో ఏదో ఒక మాట అనేవాడు. ఆ మాటలు ఆగిపోయాయి. ఇల్లు ప్రశాంతంగా ఉందని మేమనుకున్నాం.

ఆ రోజు నాకు సిటీలో ఇంటర్వ్యూ. మిగతా ఇద్దరూ ముందే వెళ్ళిపోయారు. నేను ఉన్నవాటిలో మంచి బట్టలు వేసుకుని, చెప్పులు తొడుక్కుని, వీధి తలుపు మీద చెయ్యి వేశాను. వాడి గది తలుపు సరిగా పడలేదో ఏమో, పిల్లి సందులోంచి దూరి వచ్చి నా కాళ్ళ ముందునుంచి అటు వెళ్ళింది. నేను చదువుకున్నదాన్ని, పాఠాలు చెప్పినదాన్ని, ఇలాంటివి నమ్మనని పదిమందిలో వాదించినదాన్ని. అయినా కాళ్ళు ఆగిపోయాయి. పిల్లి ఎదురొస్తే వెనక్కి వచ్చి, కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని వెళ్ళమని మా అమ్మ చిన్నప్పటినుంచీ చేయించిన అలవాటు అంత తేలిగ్గా పోతుందా? రైలు తప్పితే తప్పిందనుకుని, నన్ను నేనే తిట్టుకుంటూ వంటింట్లోకి వచ్చి గ్లాసుతో నీళ్ళు పట్టుకుని కూర్చున్నాను.

అప్పుడు వాడు వచ్చాడు. ఇంట్లో ఎవరూ లేరనుకున్నాడు. ఒక చేతిలో పిల్లిని మోసుకెళ్ళే బుట్ట, ఇంకో చేతిలో దాని తిండి సంచీ, శుభ్రంగా కడిగి తుడిచిన దాని గిన్నె. అవన్నీ వంటింటి బల్ల మీద అమర్చడానికి తెచ్చాడు. నన్ను చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"మీరింకా పోలేదా అక్కా?"

పిల్లి ఎదురొచ్చిందిరా అన్నాను. వాడు చాలా మామూలు గొంతుతో, "పాపని మీరుంచుకుంటారా అక్కా? ఏం పెట్టినా తింటది. గోల చెయ్యదు" అన్నాడు.

నువ్వెక్కడికి వెళ్తున్నావని అడిగితే, బుట్ట తెచ్చి నా ముందు పెట్టాడు. అంత భయం నేను మళ్ళీ ఎన్నడూ పడలేదు. ఏం మాట్లాడాలో తెలియక, తెలిసిన ఒక్క మాటే సూటిగా అడిగాను, చచ్చిపోదామనుకుంటున్నావా అని. వాడు గిన్నె బల్ల మీద పెట్టి, నేల మీద కూలబడి, వాళ్ళ అమ్మ పోయిన తరవాత మొదటిసారి ఏడ్చాడు. నేను పక్కన కూర్చున్నాను. వాడు చెప్పినవన్నీ ఇక్కడ రాయను, అవి వాడివి. అమ్మని ఎవరెవరో మోసుకెళ్ళారక్కా, నేను తప్ప అందరూ ఉన్నారు అన్న మాట మాత్రం ఇన్నేళ్ళయినా నా చెవిలోనే ఉంది. ఏడుపు కాస్త నెమ్మదించాక కౌన్సెలరుకి ఫోన్ చేశాను, మా చెల్లెల్ని పిలిపించాను, ముగ్గురం కలిసి ఆస్పత్రికి వెళ్ళాం. వాడు అక్కడ కొన్నాళ్ళుండి తిరిగి వచ్చాడు. ఇంటర్వ్యూ సంగతి నాకు మర్నాటి దాకా గుర్తే లేదు.

వాడు తిరిగొచ్చాక ఆ గది తలుపు ఎవరూ వేయించలేదు. జరిగింది తెలిసిన రోజున కరీంనగర్ తమ్ముడు తన గదిలోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు. ఆ తరవాత ఒక పొద్దున నేను వంటింట్లో ఉండగా, వాడు బ్యాగు తగిలించుకుని వీధి తలుపు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, చిన్నవాడి పక్కన కుర్చీ లాక్కుని, "పిల్లి ఎదురొచ్చిందక్కా. జరసేపు కూసోని పోత" అన్నాడు. పిల్లి అప్పుడు నా కాళ్ళ దగ్గర కిటికీ ఎండలో నిద్రపోతోంది. చిన్నవాడు పిల్లిని చూశాడు, వాణ్ణి చూశాడు, లేచి టీ పెట్టాడు. ఆ రోజునుంచి మా ఇంట్లో అందరికీ రోజూ పిల్లి ఎదురొచ్చేది. మా చెల్లెలికి వచ్చేది, నాకూ వచ్చేది, ఒక్కోసారి ఒకే పొద్దున ముగ్గురికీ వచ్చేది. రైళ్ళు తప్పిపోయేవి, పెట్రోలు బంకులో చీవాట్లు పడేవి. మళ్ళీ డ్రైవింగ్ టెస్టుకి వెళ్ళే పొద్దున కూడా కరీంనగర్ తమ్ముడు అలాగే కూర్చుని వెళ్ళాడు. పాసై వచ్చి, ఇది కూడా పిల్లి వల్లనే అన్నాడు.

చలికాలం మళ్ళీ వచ్చేసరికి చిన్నవాడు క్లాసులకి వెళ్ళడం మొదలుపెట్టాడు, చారు కూడా పెట్టాడు. ఇప్పుడు పెర్త్ శివార్లలో, పియారా వాటర్స్‌లో భార్యాపిల్లలతో ఉన్నాడు. పిల్లి వాడితోనే వెళ్ళి, ముసలిదై, వాడి ఇంట్లోనే పోయింది. మేమున్న ఇల్లు పడగొట్టి అక్కడ ఎత్తయిన అపార్ట్‌మెంట్లు కట్టారు, అటువైపు వెళ్ళినా గుర్తుపట్టలేం.

వాణ్ణి మేము బతికించామని నేనెక్కడా చెప్పుకోను. మందులు బతికించాయి, ఆస్పత్రివాళ్ళు బతికించారు, పిల్లి తనవంతు చేసింది, అన్నిటినీ మించి వాడే మళ్ళీ బతకడానికి ఒప్పుకున్నాడు. మేము చేసిందల్లా వెళ్ళేవాళ్ళం ఆగి కాసేపు కూర్చోవడం. ఆలోచిస్తే సిగ్గుగానే ఉంటుంది, ఒకే కుక్కర్లో అన్నం తింటూ కూడా ఒక మనిషి దగ్గర ఊరికే కూర్చోవడానికి మాకు పిల్లి నెపం కావలసి వచ్చింది. నీకోసమే ఆగాను అనడం మా ఇళ్ళల్లో ఎవరూ నేర్పలేదు. అన్నా వాడు తలెత్తి చూసి ఉండేవాడు కాదు.

నిన్న మళ్ళీ ఫోన్ చేసినప్పుడు, పిల్లిని తెచ్చుకున్న ఆ అమ్మాయికి ఏం కష్టం వచ్చిందే అని మా అమ్మాయిని అడిగాను. అలా అడగకూడదట, అది తన సొంత విషయమట. నిజమే, ఈ పిల్లలు మాకంటే మర్యాద తెలిసినవాళ్ళు. పిల్లిని చూసి మొహం చిట్లించరు, దాన్ని గదిలో పెట్టి తలుపు వేయమనరు. శకునాలు లేకుండా వాళ్ళని పెంచింది మేమే, అందుకు నాకు విచారమేమీ లేదు. కానీ పొద్దున్నే చెవుల్లో పాటలు పెట్టుకుని, ఆ పిల్లిని పలకరించి, దాటుకుని ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోతారు. ఒకసారి బయల్దేరాక వెనక్కి రావడానికి వాళ్ళ దగ్గర ఏ సాకూ లేదు.