నది అవతలికి ఇంకా పేర్లు పెట్టలేదు

మా రైల్వే ఊళ్ళో, ఝపటాపూర్ పేటలో, మా మేనత్త పక్కవాటాలో ఉండే బెంగాలీ దీదీ పొద్దున్నే ఫోన్ చేసి, "ఒకసారి రా" అని మాత్రం అంది. ఎందుకని నేను అడగలేదు. అడిగితే చెప్పేస్తుందని భయం. నేనుండే ప్రేమ్ బజార్ నుంచి ఆటోలో వెళ్ళేసరికి వాకిట్లో అప్పటికే చాలా చెప్పులున్నాయి. అత్త టీకి నీళ్ళు పెట్టి, అవి మరిగేలోపు కుర్చీలో కూర్చుందట. గిన్నె మాడిన వాసన వచ్చాక దీదీ వెళ్ళి స్టవ్ కట్టేసింది. అప్పటికి అత్త లేదు.

అత్త రైల్వే టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఆపరేటరుగా చేసింది. ఉద్యోగంలో చేరిననాడు చూపుంది, దిగిననాడు లేదు. మా వంశంలో ఉన్న జబ్బు అది. ముందు రేచీకటి వస్తుంది, తర్వాత పక్కలు మూసుకుపోతాయి, కొన్నాళ్ళు గొట్టంలోంచి చూస్తున్నట్టుంటుంది, ఆ తర్వాత అదీ ఉండదు. నలభై దాటాక అదే జబ్బు నాకూ ఉందని తేలింది. మందు లేదని డాక్టరు చెప్పాడు. మర్యాదగానే చెప్పాడు. అందుకే, ఆవేళ అత్త మీద పడి ఏడ్చిన ఏడుపులో ఆమె కోసం ఎంతో, నా కోసం ఎంతో విడదీసి చెప్పలేను.

జబ్బు సంగతి చెప్పినరోజు అత్త నన్ను ఓదార్చలేదు. "కళ్ళున్నప్పుడే నేర్చీసుకోవాల గుంటా. పోయినాక నేర్పితే బుర్రకెక్కదు" అంది. చేతికర్ర ఇస్తుందేమో అనుకున్నాను. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది.

ఆమె ఆడే ఆటలో బొమ్మలుండవు. ఒక్కటి కూడా ఉండదు. ఉన్నదంతా మాటలే. 'మీరు కోట గుమ్మం దగ్గర ఉన్నారు, ఉత్తరాన అంగడి, తూర్పున బావి' అని వస్తుంది. ఉత్తరానికి వెళ్ళాలంటే ఆ మాట టైపు చేయాలి. చూడాలంటే చూడు అని, కొట్టాలంటే కొట్టు అని. రాక్షసులు, మంత్రగాళ్ళు, గుహలు, అన్నీ ఇలాగే. అదే సమయంలో ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో అదే కోటలో తిరుగుతుంటారు, ఎదురైతే పలకరిస్తారు. ఆటంతా ఇంగ్లీషులో ఉంటుంది, నేనిక్కడ తెలుగులో చెబుతున్నాను. తెర మీద వచ్చే ప్రతి అక్షరాన్నీ కంప్యూటర్లోని ఒక గొంతు చదివి వినిపించేది. అది ఎంత వేగంగా చదివేదంటే మొదటిరోజు నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

"నాది మెయిలు బండి. నీకోసరం పాసింజరు సేస్తానుండు" అని నవ్వి వేగం తగ్గించింది.

ఆటలో ప్రతివాళ్ళూ ఒక వేషం ఎంచుకోవాలి. అత్తది విలుకత్తె వేషం. నాకు ఆశ్చర్యం వేసింది.

"చూపు లేకుండా విల్లేమిటత్తా?"

"గురి సూసేది నానేటి? ఆ పెట్టె సూసుకుంతది. నాను కొట్టమంతాను, అంతే. ఎక్స్చేంజిలో సేసిందీ అదే కదేటే, కలపమంతే కలపడం!"

నాకు వైద్యురాలి వేషం ఇచ్చింది. "డాక్టరు నీకు మందు లేదన్నాడు కదా, నువ్వే ఎవులికైనా ఎయ్యి" అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆమె మాత్రం నవ్వింది.

ఆమె పాఠాలు చాలా చిన్నవి. "అడుగెట్టినకాడ ముందు సూడాల, ఆనక నడవాల." "వచ్చిన దారి తిరిగి సెప్పుకోలేకపోతే అక్కడే ఆగిపో, ముందుకెల్లకు." చావంటే భయం ఉండక్కర్లేదు, ఆటలో చచ్చినవాళ్ళు గుడి దగ్గర లేస్తారు. "లేసి, పడేసుకున్న సామాను ఎతుక్కోడమే. సిగ్గేటుంది?"

ఈ ఆట కొత్తగా నేర్చుకునేవాళ్ళకు ఎవరైనా మొదట చెప్పేది, దారులు తప్పిపోకుండా కాగితం మీద పటం గీసుకోమని. నేనూ పెన్ను తీశాను. చప్పుడు విని నా చెయ్యి పట్టుకుంది.

"కాయితమెందుకే? రేపు దాన్నేటి సేసుకుంతావు?"

ఆ ప్రశ్న తర్వాత మళ్ళీ పెన్ను తియ్యలేదు.

దానికి బదులు ఆమె చేసిన పని ఇది. కోటలోని ప్రతి చోటుకూ మా ఊళ్ళో ఒక చోటును తగిలించింది. దక్షిణపు గుమ్మం పూరీ గేట్. అంగడి ప్రేమ్ బజార్. యోధులు సాధన చేసే శాల ఆమె ఎక్స్చేంజి. చచ్చినవాళ్ళు లేచే గుడి, మా చర్చి. "కాళ్ళకి తెలిసిన ఊరు కళ్ళు పోయినా పోదు" అనేది. నేను కళ్ళు మూసుకుని పూరీ గేట్ నుంచి బయల్దేరేదాన్ని, అదే కంప్యూటర్లో తెరిచి ఉంచిన ఆమె విలుకత్తె ఆటలో నా వెంటే వచ్చేది. తప్పు మలుపు తిరిగితే పక్కనుంచి, "ఓలమ్మ, ప్రేమ్ బజారని రైలు వర్క్‌షాపులో దూరీసినావే! గేటుకాడి దాదాలు తరిమేస్తారు" అని వేళాకోళం. కోట దాటాక పొలాలు, పొలాల తర్వాత నది. ఆ నదికి మా ఊరి పక్కన పారే కసాయి నది పేరే పెట్టాం. ప్రతిసారీ అక్కడిదాకా వెళ్ళి వెనక్కి తిరిగేవాళ్ళం.

"అవతలకి పేర్లు తరవాత ఎడదాం. ముందు ఇవతల గట్టిపడనీ."

ఇదంతా నిజంగా పనికొచ్చే చదువా, లేక తోడు లేని మనిషి తన ఆటలోకి మేనకోడల్ని లాక్కున్నదా అని నాకు అప్పుడూ సందేహమే. రోడ్డు మీద గుంత ఉందని ఏ గొంతూ చదివి చెప్పదు కదా. ఒకసారి ఆ మాటే అన్నాను. అత్త మీటల మీంచి చేతులు తీసేసింది. తర్వాత, "నాకు తెలిసింది నేర్పుతున్నాను. తెలీంది ఎలగ నేర్పను?" అంది. ఆ రోజు ఇద్దరం ఆడలేదు, టీ తాగి ఊరుకున్నాం.

సమాధి దగ్గర పాస్టరుగారు, ఇక్కడ చూడలేనివన్నీ మన సహోదరి ఇప్పుడు అక్కడ చూస్తుంది అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను, అలవాటుగా. నమ్మానా అంటే చెప్పలేను. ఇంటికొచ్చాక చిన్నాన్న కంప్యూటర్ వైపు చూపించి, "ఇంక ఆ పెట్టెందుకమ్మా, కావాలంతే నువ్వు పట్టుకుపో" అన్నాడు. అందరూ ముందుగదిలో టీలు తాగుతుండగా నేను లోపలికి వెళ్ళి దాన్ని తెరిచాను. నా వైద్యురాలి వేషంలో ఒంటరిగా ఆ ఆటలోకి వెళ్ళడం అదే మొదలు.

ఆమె నేర్పినట్టే కళ్ళు మూసుకున్నాను. పూరీ గేట్, ప్రేమ్ బజార్, చర్చి. తప్పు తిరగలేదు. వేళాకోళం చేసేవాళ్ళూ లేరు. కోట దాటి, పొలాలు దాటి, కసాయి దగ్గర ఆగాను. వెనక్కి తిరగాల్సిన చోటు అది. ఎందుకో తిరగబుద్ధి కాలేదు. పడవ ఎక్కి అవతల దిగాను.

"చీకటిగా ఉంది. మీకు ఏమీ కనిపించడం లేదు" అంది గొంతు.

కంప్యూటర్ పాడైందనుకున్నాను. చూడు అని కొట్టాను. అదే మాట. మళ్ళీ కొట్టాను, మళ్ళీ అదే. అంతలో ఎవరో బాటసారి వచ్చాడని గొంతు చెప్పింది. చెప్పిన వెంటనే చోటంతా చదవసాగింది. నడుమెత్తు రెల్లు, బురద, బురద మీద కర్రలు పరిచిన బాట, ఉత్తరానికొక దారి, తూర్పుకొక దారి.

"లాంతరు లేకుండా ఇంతదూరం వచ్చారా?" అని ఆ మనిషి అడిగాడు.

మునుపెప్పుడూ చీకటి పడలేదని రాశాను. కళ్ళు మూసుకుని రాయడం వల్ల చాలాసేపు పట్టింది.

"ఈ ఆటలో రోజూ రాత్రి పడుతుంది, ఇప్పుడే పడింది. మీతో వచ్చినవాళ్ళ చేతిలో లాంతరు ఉండి ఉంటుంది. ఒకరి దగ్గరుంటే పక్కవాళ్ళకీ కనిపిస్తుంది."

ఇన్నాళ్ళూ నాకు దారి కనిపించింది అత్త లాంతరు వెలుగులో. ఆ సంగతి ఆమె ఒక్కసారీ చెప్పలేదు. మరిచిందో, ఆ పాఠం ఇంకా రాలేదో, లేక చీకటి కూడా నేర్పాల్సిన విషయమని ఆమెకు తోచనేలేదో. అడగడానికి మనిషి లేదు.

"నేను ఉత్తరానికి పోతున్నాను. కావాలంటే వెంట రండి" అన్నాడు బాటసారి.

వస్తానని రాయబోయాను. వేళ్ళు మీటల మీద మొదటి అక్షరం కోసం తడుముకుంటున్నాయి. దొరికింది అనుకునేలోపు, అతను ఉత్తరానికి వెళ్ళాడని గొంతు చెప్పింది. రెల్లూ బురదా కర్రల బాటా ఒక్కసారిగా పోయాయి. నేను కళ్ళు తెరవలేదు. ఇక నేనేదో ఒక మాట టైపు చేస్తే తప్ప గొంతు మాట్లాడదు.