అత్తగారి కుడి భుజం

మా అత్తగారికి మెడ పట్టేసింది. తల కుడివైపు తిప్పాలంటే మనిషి మొత్తం తిరగాల్సిందే. రాత్రిళ్ళు నిద్ర లేదు. బందరులో డాక్టరు ఎక్స్‌రే తీయించి, ఎముకల్లో ఏమీ లేదనీ, టెన్షన్‌కి కండలు బిగుసుకున్నాయనీ, రోజూ మెత్తగా మర్దన చేయాలనీ చెప్పాడు. అత్తగారిని మెడకన్నా ఆ మాటే ఎక్కువ నొప్పించింది.

"నాకు టెన్షనేంటండీ? ఇద్దరు కోడళ్ళూ బంగారం," అన్నారు.

ఆ బంగారంలో సగం, అంటే పెద్దకోడలినైన నేను, పక్కనే నిలబడి ఉన్నాను. మిగతా సగం అవనిగడ్డలో ఉంది. మా ఇద్దరికీ ఏళ్ళ తరబడి మాటల్లేవు.

ఎందుకు లేవో చెప్తాను, తప్పెవరిదో మీరే తేల్చుకోండి. బందరులో మేం ఇల్లు కట్టుకున్నాం. గృహప్రవేశం నాడు కొత్త స్టవ్ మీద పాలు పెట్టాం. అవి పొంగాలనే కదా పెట్టేది. బంధువులంతా చుట్టూ నిలబడి చూస్తున్నారు. పాలు అంచుదాకా వచ్చాయి. అప్పుడు మా తోడికోడలు చెయ్యి చాపి టక్కున గ్యాస్ కట్టేసింది. పొంగబోయిన పాలు బుద్ధిగా కిందికి దిగిపోయాయి. ఆ తర్వాత మా ఇంట్లో నీళ్ళ మోటారు కాలినా, మా ఆయన జుట్టు రాలినా, కారణం నాకు తెలుసు.

అప్పట్నించీ మా మధ్య ఏ కబురైనా అత్తగారి ద్వారానే నడిచేది. ఆవిడ ఒక నెల మా ఇంట్లో, ఒక నెల అవనిగడ్డలో ఉంటారు. ఎవరింట్లో ఉంటే వాళ్ళ మాట రెండోవాళ్ళకి ఫోన్‌లో చేరవేస్తారు. ఉన్నదున్నట్టు చేరవేయరు. "నా ఊరగాయ జాడీ ఇచ్చే ఉద్దేశం ఉందో లేదో కనుక్కోండి" అని నేనంటే, "అక్క నిన్ను అడిగిందే, జాడీ సంగతి కూడా అడిగింది" అని వెళ్తుంది.

ఒక నెల మర్దన, ఒక నెల నొప్పి అంటే కుదరదు కాబట్టి ఇద్దరం నేర్చుకోవాల్సి వచ్చింది. గుడివాడలో ఒక ఫిజియోథెరపీ మేడమ్ ఆదివారాలు ఇంట్లో చేసుకునే మర్దన నేర్పుతుందని తెలిసింది. తోడికోడలు అవనిగడ్డ నుంచి బందరు వచ్చేది. అక్కణ్ణించి ముగ్గురం బస్సులో ఒకే సీట్లో కూర్చునేవాళ్ళం, మధ్యలో అత్తగారు. కిటికీ తెరవాలన్నా ఆవిడ అనుమతి మీదే.

అక్కడ ఒక బల్ల, దాని తలవైపు ముఖం పెట్టుకోడానికి గుండ్రటి కంత. అత్తగారు బోర్లా పడుకుని ముఖం అందులో పెట్టారు. మేడమ్ చెప్పింది: వెన్నెముక మీద నొక్కకూడదు. వేళ్ళతో గుచ్చకూడదు, అరచేతి బరువు వేయాలి. ఒక చెయ్యి తీస్తే రెండోది ఒంటిమీదే ఉండాలి, రెండూ ఒకేసారి తీస్తే పడుకున్న మనిషి ఉలిక్కిపడుతుంది. తర్వాత నన్ను కుడి భుజం దగ్గరా, తోడికోడల్ని ఎడమ భుజం దగ్గరా నిలబెట్టి, నాలుగు చేతులూ ఒకే తూకంలో నడవాలంది. ఆ రోజునుంచి మా కష్టాలు మొదలయ్యాయి.

"అత్తయ్యా, కాస్త మెల్లగా నడపమనండి. రొట్టెల పిండి కాదు," అన్నాను.

"మెల్లగా అంటోందే," అని కంతలోంచి వినబడింది.

"అక్కగారు కాస్త త్వరగా నడిపినా సరిపోతుందనండి."

"సరే అంటోంది," అన్నారు అత్తగారు తల పైకెత్తి.

కబురు కబురుకీ ఆవిడ తల ఎత్తడం, మెడ బిగుసుకోవడం. రెండో ఆదివారానికి నొప్పి తగ్గకపోగా వీపులోకి పాకింది. మేడమ్ విసుక్కుంది. "పిన్నిగారూ, మీరు మాట్లాడకూడదండీ."

"నేను మాట్లాడకపోతే వీళ్ళకి ఎవరు చెప్తారమ్మా?"

మేడమ్ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, ఆవిడ కుడి భుజం తడిమింది. మెడ మొదట్లో ఒకచోట వేలు ఆపి, "ఫోన్ ఇక్కడ ఇరికించుకుని మాట్లాడతారా?" అంది.

"చేతులు ఖాళీ ఉండొద్దూ? వంకాయలు తరుగుతూ మాట్లాడతాను. ఒకళ్ళకి చెప్పగానే రెండోవాళ్ళ జవాబు కాచుకునుంటుంది."

తోడికోడలు ఫ్యాన్ వైపు చూసింది. నేను నూనె గిన్నెలోకి చూశాను. మేడమ్ నా చెయ్యి తీసి ఆ చోట పెట్టింది. గోలీకాయంత గట్టిగా ఉంది. నాకు సిగ్గేసింది. అది సరిగ్గా నా వైపే వచ్చినందుకు ఒళ్ళు మండింది కూడా.

మూడో ఆదివారం మేడమ్ ఆవిడకి నోరెత్తొద్దని గట్టిగా చెప్పింది. మేమిద్దరం కూడా నోళ్ళు మూసుకుని గోరువెచ్చటి నువ్వులనూనె రాస్తూ పోయాం. కాసేపటికి కంతలోంచి సన్నగా గురక మొదలైంది. ఎన్నాళ్ళ నిద్రో అది. ఆ ఆనందంలో నా చేతులు తూకం తప్పాయి.

"మెల్లగా అక్కా, లేస్తారు," అంది తోడికోడలు. నాతోనే, గుసగుసగా.

మధ్యలో చేరవేసేవాళ్ళు లేరు. నోట్లోంచి నాకు తెలీకుండానే వచ్చేసింది. "ఆ రోజు గ్యాస్ ఎందుకు కట్టేశావు?"

"పాలు పొంగుతుంటే చెయ్యి ఊరుకుంటుందా అక్కా? కట్టేశాక గుర్తొచ్చింది, అవి పొంగాల్సిన పాలని."

"మళ్ళీ వెలిగించొచ్చుగా."

"ఎలా వెలిగిస్తాను? మీరు గిన్నె తీసుకుని దొడ్లోకి వెళ్ళిపోతిరి."

మామూలుగా నేను పోట్లాడితే చేతులు తిప్పుతాను, చీర కొంగు దోపుతాను. ఇక్కడ చెయ్యి తీస్తే ముసలావిడ లేస్తుంది. గొంతు పెంచడానికి లేదు. ఇన్నేళ్ళ కోపాన్నీ అరచేతి బరువుతో, వెన్నెముక తగలకుండా, ఒకే తూకంలో వెళ్ళగక్కాల్సి వచ్చింది. తోడికోడలికీ నామీద చాలా ఫిర్యాదులే ఉన్నాయి. జాడీ ఎప్పుడో పగిలిపోయిందట, ఆ మాట ఎన్నిసార్లు కబురు పెట్టినా నాకు "జాడీ క్షేమం" అనే అందింది. ఇద్దరికీ నవ్వు ఆగలేదు, బల్ల ఊగింది.

అత్తగారు కదిలారు. "ఏవఁటంటోందే అది?" అన్నారు నిద్రలోనే, అలవాటుగా.

"ఏం లేదత్తయ్యా, నాతోనే చెప్పింది," అన్నాను.

గురక ఆగిపోయింది. లేచి కూర్చుంటారనీ, కళ్ళు తుడుచుకుని మా ఇద్దర్నీ దగ్గరికి తీసుకుంటారనీ ఎదురుచూశాను. ఆవిడ తల కొంచెం సర్దుకుని, ముఖం మళ్ళీ కంతలో పెట్టుకున్నారు.

"అయితే ఇంక నన్ను లేపకండి," అన్నారు.